టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు మానసిక తోడ్పాటు: బృందంలో ఎవరుండాలి, ఎప్పటి నుంచి?

తెల్లచామంతి (తల్లి) రాశారు:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదకొండేళ్లు. టైప్ 1 మధుమేహమని తెలిసి రెండో ఏడు నడుస్తోంది. ఇంతవరకూ మేము కలుస్తున్నది డాక్టరుగారిని, నర్సుని, డైటీషియన్‌ని మాత్రమే. ఇకపై ఏడాదికి ఒకసారైనా సైకాలజిస్టు కూడా పిల్లను చూస్తారని, అవసరమనిపిస్తే ఇంకా తరచుగా కలుస్తారని క్లినిక్ వారు చెప్పారు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు మింగుడుపడలేదు. "పిల్ల చక్కగా చదువుకుంటోంది, ఆడుకుంటోంది, ఇప్పుడు మనసు డాక్టరెందుకు?" అని మా అత్తగారు అడిగితే నేను తడబడ్డాను.

పైకి ఏ ఇబ్బందీ కనిపించని బిడ్డకు కూడా ఇది అవసరమా? ఆ గదిలో అసలు ఏం జరుగుతుంది? ఇప్పటికే షుగర్ అంకెలు అడిగేవారు, తిండి లెక్కలు అడిగేవారు ఉన్నారు, ఇప్పుడు మనసులో మాట అడిగే మరో తనిఖీ అధికారి వచ్చి చేరుతున్నారని అమ్మాయి అనుకుంటుందేమోనన్నది నా భయం. మరొక సంగతి కూడా చెప్పాలి. డాక్టరుగారు ఏం అడిగినా అది ముందు నా మొహం చూసి, ఆ తరువాతే జవాబు చెబుతుంది. ఇది మామూలేనా, లేక నేను పట్టించుకోవలసిన విషయమా?

హంసపాదు (పిల్లల మధుమేహ విభాగంలో నర్సు) రాశారు:

తెల్లచామంతి గారూ, మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. జవాబుకు ముందు తల్లి మొహం చూడటం ఆ వయసులో చాలామంది పిల్లలు చేసేదే. కానీ అది మాకు పనికొచ్చే ఆనవాలు. ఏ జవాబు చెబితే అమ్మ బాధపడదో లెక్క వేసుకుంటున్న పిల్ల, నెమ్మదిగా తన షుగర్ అంకెలను కూడా అదే లెక్కతో చెప్పడం మొదలుపెట్టే అవకాశం ఉంది.

ఇక అవసరం సంగతి. ఈ వ్యాధిలో చికిత్స చేసేది ఆసుపత్రి కాదు, ఇల్లు. ప్రతి పూట తినబోయే దానిలోని పిండిపదార్థాన్ని అంచనా వేసి, ఆటపాటలను, జ్వరాన్ని, పరీక్షల ఒత్తిడిని లెక్కలోకి తీసుకుని ఇన్సులిన్ మోతాదు నిర్ణయించుకోవాలి. ఇది సెలవు రోజు లేని ఉద్యోగం. ఇంత పనిని ఒక బిడ్డ మీద, ఒక కుటుంబం మీద పెట్టి, "మీకు ఎలా ఉంది?" అని మాత్రం అడగకపోవడం చికిత్సలో లోపమే. అందుకే పిల్లల మధుమేహానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘం ఐస్‌పాడ్ మార్గదర్శకాలు మానసిక నిపుణులను బృందంలో భాగంగానే చూస్తాయి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఏడెనిమిదేళ్ల వయసు నుంచే మధుమేహం వల్ల కలిగే మనోభారం గురించి పిల్లలను అడగడం మొదలుపెట్టమంటుంది. పదీ పన్నెండేళ్ల మధ్య తిండికి సంబంధించిన ఇబ్బందుల కోసం చూడమంటుంది. పన్నెండేళ్లు వచ్చేసరికి తల్లిదండ్రులు లేకుండా కొంతసేపు వైద్య సిబ్బందితో మాట్లాడే అవకాశం బిడ్డకు కల్పించమంటుంది. మీ అమ్మాయి సరిగ్గా ఆ మలుపులో ఉంది కనుక క్లినిక్ వారు ఇప్పుడు అడగడంలో ఆశ్చర్యమేమీ లేదు.

మీ అత్తగారికి ఇలా చెప్పి చూడండి: థైరాయిడ్ బాగానే ఉన్నా దాని రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయిస్తున్నాం కదా, ఇదీ అలాంటిదే. జబ్బు ఉందని కాదు, ఉంటే తొందరగా తెలియాలని. పిల్లకు పిచ్చి అని ఎవరూ అనడం లేదు.

పడమటిగాలి (తండ్రి) రాశారు:

నర్సుగారి మాటల మీద గౌరవం ఉంది. అయితే బృందం అనే మాట వినగానే తల ఊపెయ్యవద్దని తెల్లచామంతి గారికి నా మనవి. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. మేము చూపించుకున్న చోట నలుగురు ఉండేవారు. డాక్టరుగారు ఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష అంకె) 7 శాతం లోపే ఉండాలనేవారు. డైటీషియన్, ఎదిగే పిల్లవాడు కనుక 8 ఉన్నా పరవాలేదనేవారు. నర్సుగారు రాత్రి పన్నెండు దాటాక కూడా షుగర్ చూడమంటే, సైకాలజిస్టుగారు షుగర్ గురించి ఇంట్లో మాట్లాడటం తగ్గించమన్నారు. ఒకరు చెప్పింది మరొకరికి తెలియదు. మావాడు తెలివైనవాడు, ఏ రోజుకు ఎవరి మాట అనుకూలమో ఆ మాటే మా మీద ప్రయోగించేవాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న సామెత ఊరికే పుట్టలేదు.

పైగా ప్రతి ఒక్కరికీ వ్యాధి కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒకే వరండాలో నాలుగు గదులుంటే దాన్ని బృందం అనవచ్చునా? చివరకు మేము ఒకే డాక్టరుగారి దగ్గరకు మారాం. మాకు నెమ్మది చిక్కింది. మానసిక సహాయం వద్దనడం లేదు. అది ఎవరు, ఏ పద్ధతిలో ఇస్తారన్నది తేలకుండా మనుషులను పెంచుకుంటూ పోవడం వల్ల ఒరిగేదేమీ లేదంటున్నాను.

మందారమాల (పిల్లల హార్మోన్ల వైద్యురాలు) రాశారు:

పడమటిగాలి గారి ఫిర్యాదు న్యాయమైనది. అంతకంటే ముఖ్యంగా, పరిశోధనలో తేలిన దానికి చాలా దగ్గరగా ఉంది. వీదోర్ అధ్యయన బృందం అని ఒకటి ఉంది, వివిధ దేశాల పిల్లల మధుమేహ కేంద్రాలు కలిసి ఏర్పాటు చేసుకున్నది. 1995లో 18 దేశాలకు చెందిన 2,873 మంది పిల్లల ఎ1సిని ఒకే ప్రయోగశాలలో కొలిపించారు. కేంద్రానికీ కేంద్రానికీ మధ్య పెద్ద తేడాలు కనిపించాయి. 1998లోనూ 2005లోనూ మళ్లీ చూశారు. ఈలోగా కొత్త ఇన్సులిన్లు వచ్చాయి, పంపులు వచ్చాయి, ఇంజెక్షన్ల పద్ధతులు మారాయి. కేంద్రాల మధ్య తేడాలు మాత్రం మాయం కాలేదు. రోజుకు ఎన్ని ఇంజెక్షన్లు, ఏ రకం ఇన్సులిన్ అన్న వాటితో ఆ తేడాలను పూర్తిగా వివరించడం సాధ్యపడలేదు. 2005 నాటి అధ్యయనంలో బృంద సభ్యులను, తల్లిదండ్రులను, యువ రోగులను విడివిడిగా అడిగారు: మీ ఉద్దేశంలో ఎ1సి ఎంత ఉండాలి? బృందంలో అందరూ ఒకే అంకె, అదీ స్పష్టమైన తక్కువ అంకె చెప్పిన చోట పిల్లల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. సభ్యులు తలా ఒక అంకె చెప్పిన చోట తల్లిదండ్రులకూ అయోమయమే, ఫలితాలూ అంతంతమాత్రమే.

కాబట్టి మీ అబ్బాయి విషయంలో చెడింది నలుగురు ఉండటం వల్ల కాదు, నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోవడం వల్ల. క్లినిక్ మొదలయ్యే ముందు ఆనాడు రాబోయే పిల్లల గురించి సిబ్బంది అంతా కలిసి కాసేపు చర్చించుకోవడం, క్లినిక్ ముగిశాక ఎవరు ఏం చెప్పారో ఒకే కేసు పత్రంలో రాసుకోవడం, ఈ రెండూ లేనిచోట బృందం లేదనే నేనూ అంటాను.

మరొక పాత ఆధారం గుర్తు చేస్తాను. గట్టి నియంత్రణ వల్ల కళ్లు, మూత్రపిండాలు, నరాల సమస్యలు తగ్గుతాయని తేల్చిన డీసీసీటీ అధ్యయనం 1983లో మొదలై 1993లో ముగిసింది. అందులో పాల్గొన్న 1,441 మందిలో 195 మంది కౌమారంలో ఉన్నవారు. గట్టి చికిత్స పొందినవారిని నెలనెలా చూసేవారు, మధ్యలో తరచుగా ఫోనులో పలకరించేవారు, చుట్టూ నర్సులు, డైటీషియన్లు, మానసిక నిపుణులు ఉండేవారు. అంత అండ ఉన్నా కౌమారుల సగటు ఎ1సి 8.1 దగ్గరే ఆగింది, గట్టి చికిత్స పొందిన అందరి సగటు సుమారు 7. మామూలు చికిత్సలో ఉన్న కౌమారులకు అది 9.8 ఉంది. అంటే అండ ఎంతో మేలు చేసింది, కానీ యవ్వనారంభాన్ని పూర్తిగా జయించలేదు. ఆ వయసులో గ్రోత్ హార్మోను, సెక్స్ హార్మోన్లు పెరగడం వల్ల శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు, తెల్లవారుజామున షుగర్ ఎగబాకుతుంది. నిన్నటి మోతాదు ఈ రోజు చాలదు. పద్నాలుగేళ్ల కుర్రవాడి అంకెలు పెరిగాయంటే అది నిర్లక్ష్యమేనని అనుకునే ముందు మోతాదు సరిచూడవలసిన బాధ్యత మా మీద ఉంది. తప్పుడు నిందను తొలగించడం కూడా మానసిక తోడ్పాటే, దానికి సైకాలజిస్టు అక్కరలేదు.

నిశ్చింత (క్లినికల్ సైకాలజిస్టు) రాశారు:

గదిలో ఏం జరుగుతుందని తెల్లచామంతి గారు అడిగారు కనుక ఆ సంగతి వివరంగా చెబుతాను.

మొదటిసారి కలిసినప్పుడు నేను అంకెలు అడగను. మధుమేహం ఈ వారం ఏ ఏ పనులకు అడ్డం వచ్చిందో చెప్పమంటాను. పదేళ్లు దాటిన పిల్లలైతే ఒక ప్రశ్నావళి ఇస్తాను. 1995లో విలియం పొలాన్‌స్కీ బృందం పెద్దవారి కోసం పెయిడ్ అనే కొలమానాన్ని రూపొందించింది, దాని నుంచే పిల్లలకు, కౌమారులకు, తల్లిదండ్రులకు తగిన రూపాలు వచ్చాయి. "తిండి గురించి ఎప్పుడూ ఆలోచించవలసి రావడం", "ఇంట్లో వాళ్లు నా వెంటపడటం" వంటి వాక్యాల పక్కన అది తనకు ఎంత ఇబ్బందో బిడ్డ గుర్తు పెడుతుంది. నోటితో చెప్పలేని పిల్ల కూడా కాగితం మీద టిక్కు పెట్టగలదు. ఆ టిక్కు దగ్గరే మా సంభాషణ మొదలవుతుంది.

తరువాత కుటుంబంతో కలిసి కూర్చుంటాను. అక్కడ తరచుగా బయటపడే దృశ్యం ఒకటి ఉంది. పిల్లవాడు బడి నుంచి వచ్చి సంచి కింద పెట్టకముందే "ఎంత ఉంది?" అన్న ప్రశ్న ఎదురొస్తుంది. 240 అని చెబితే "ఏం తిన్నావు?" అన్నది రెండో ప్రశ్న. మూడో రోజుకు పిల్లవాడు 140 అని చెప్పడం నేర్చుకుంటాడు. తల్లిదండ్రుల ప్రేమలో లోటు లేదు, ఆత్రుత వల్ల సాయం కాస్తా తగవుగా మారిపోతుంది. సాయం ఇలా బెడిసికొట్టడాన్ని బార్బరా ఆండర్సన్, జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వవేత్తలు చాలాకాలం క్రితమే వర్ణించారు. ఆండర్సన్ బృందం 1999లో ప్రచురించిన పరిశోధనలో 10 నుంచి 15 ఏళ్ల పిల్లల కుటుంబాలతో మామూలు క్లినిక్ సందర్శనల సమయంలోనే పనిచేశారు. ఏ పని ఎవరిదో పంచుకోవడం, నిందించకుండా మాట్లాడుకోవడం నేర్పారు. తల్లిదండ్రులు పనిలో భాగస్వాములుగా కొనసాగితే గొడవలు పెరుగుతాయేమోనన్న అనుమానం నిజం కాలేదు, పైగా తగవులు తగ్గాయి. పదకొండేళ్ల పిల్ల ఇంజెక్షన్ తనంతట తాను చేసుకోగలిగినంత మాత్రాన మోతాదు ఆలోచన మొత్తం దానికి వదిలేయకూడదన్నది ఇక్కడ గ్రహించవలసినది. చేతికి వచ్చిన నేర్పు వేరు, రోజంతా గుర్తుంచుకుని ముందుచూపుతో నడుచుకునే శక్తి వేరు.

మూడో రకం పని, ఎదుర్కొనే నైపుణ్యాలు నేర్పడం. మార్గరెట్ గ్రే బృందం కౌమారులతో చేసిన పని ఇందులో ప్రసిద్ధం. స్నేహితుల మధ్య ఇన్సులిన్ తీసుకోవలసి వచ్చినప్పుడు ఏం చెప్పాలి, "నీకిది తినకూడదు కదా" అని ఎవరైనా అంటే ఎలా జవాబివ్వాలి అన్న సందర్భాలను చిన్న నాటకాల్లాగా ఆడించి చూపిస్తారు. ఇన్సులిన్ చికిత్సతో పాటు ఈ శిక్షణ పొందిన పిల్లల ఎ1సి, జీవన నాణ్యత రెండూ మెరుగుపడ్డాయి.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. మధుమేహం తెలియని సైకాలజిస్టు వల్ల నష్టం జరగవచ్చు. వణుకు, చెమటలు, గుండెదడ భయం వల్లా వస్తాయి, షుగర్ పడిపోవడం వల్లా వస్తాయి. నా గదిలో బిడ్డ ఉన్నట్టుండి చిరాకుపడినా, మాట తడబడినా ముందు షుగర్ చూసుకోమంటాను, ఆ తరువాతే మనసు సంగతి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2015 మార్గదర్శకం మధుమేహం గురించి అవగాహన ఉన్న మానసిక నిపుణులే అందుబాటులో ఉండాలని చెప్పడానికి కారణం ఇదే.

రెక్కలగుర్రం (చిన్నప్పటి నుంచి టైప్ 1 ఉన్న యువతి) రాశారు:

తనిఖీ అధికారి అన్న మాట చదివి నవ్వుకున్నాను. మా ఇంట్లో ఆ పదవి మా నాన్నగారిదే.

రోగి వైపు నుంచి రెండు సంగతులు చెప్పాలనిపించింది. నాకు పన్నెండేళ్లు దాటాక మా నర్సుగారు ప్రతిసారీ కొద్దిసేపు అమ్మను బయట కూర్చోబెట్టేవారు. మొదటిసారి అమ్మ మొహం చిన్నబోయింది. అయితే ఆ నర్సుగారు ముందుగానే మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇక్కడ చెప్పినవి నా అనుమతి లేకుండా అమ్మకు చెప్పరని, నా ప్రాణానికి గానీ వేరొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉంటే మాత్రం చెప్పక తప్పదని, అలా చెప్పవలసి వచ్చినా ముందు నాకు తెలియజేస్తారని వివరించారు. ఆ హద్దు తెలిశాకే నేను నోరు విప్పాను. ఆవిడ అడిగే ప్రశ్న ఒకటి ఇప్పటికీ గుర్తుంది: "ఈ చికిత్సలో ఒక పని ఒక వారం పాటు ఇంకొకరికి అప్పగించే వీలుంటే ఏది అప్పగిస్తావు?" నేను సెన్సర్ (ఒంటికి అంటించుకుంటే షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలిచే పరికరం) మార్చుకోవడం అన్నాను. ఆ పని అమ్మ తీసుకుంది. ఇంతే, మందు ఏమీ మార్చలేదు.

రెండోది సెన్సర్ గురించి. నా షుగర్ ఇప్పుడు నాకంటే ముందు ఇంట్లోవాళ్ల ఫోన్లలో కనిపిస్తుంది. ఇది వరమే, కాదనను. కానీ క్లాసులో ఉండగా 190 చూసి ఫోను చేస్తే తరగతి మొత్తం నా వైపు చూస్తుంది. మా సైకాలజిస్టుగారి ఎదుట మేము ఒక ఒప్పందం రాసుకున్నాం. 70 కిందికి పడిపోయి పదిహేను నిమిషాల్లో నేను స్పందించకపోతే ఫోను చెయ్యవచ్చు. ఎక్కువ ఉన్నప్పుడు బడి వేళల్లో సందేశం కూడా వద్దు, కీటోన్ల (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాల) భయమున్న రోజులు తప్ప. పంపు, సెన్సర్ ఇచ్చే రోజునే ఇలాంటి ఒప్పందం రాయించాలని ప్రతి బృందాన్నీ కోరుతున్నాను. యంత్రం వాడకం గంటల తరబడి నేర్పుతారు, ఆ యంత్రంతో ఒకరితో ఒకరు ఎలా మెలగాలో ఎవరూ నేర్పరు.

కొలతబద్ద (డైటీషియన్) రాశారు:

8 ఉన్నా పరవాలేదన్న డైటీషియన్‌ను సమర్థించను. ఒక్కొక్క బిడ్డకు లక్ష్యం మారవచ్చు, అయితే మార్చేది బృందం కలిసి, కేసు పత్రంలో రాసి. ఐస్‌పాడ్ 2022 మార్గదర్శకాల్లో చాలామంది పిల్లలకు పెట్టిన లక్ష్యం 7 శాతం లోపే.

నా వృత్తిలో అత్యంత జాగ్రత్తగా నడవవలసిన చోటు తిండికీ శరీరాకృతికీ సంబంధించినది. ఈ పిల్లలకు ప్రతి ముద్దా ఒక అంకెగా పరిచయమవుతుంది. వ్యాధి బయటపడక ముందు బరువు తగ్గుతారు, ఇన్సులిన్ మొదలుపెట్టగానే పోయిన బరువు తిరిగి వస్తుంది. అద్దంలో ఆ మార్పు చూసుకున్న పదమూడేళ్ల పిల్ల ఇన్సులిన్‌నే శత్రువుగా భావించవచ్చు. మోతాదు మానేస్తే బరువు తగ్గుతుందని తెలుసుకున్న పిల్లలు కొందరుంటారు. ఆడపిల్లల్లో ఎక్కువే గానీ మగపిల్లల్లోనూ ఉంది. కారణం తెలియకుండా ఎ1సి పెరగడం, బరువు తగ్గడం, కీటోఅసిడోసిస్‌తో (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లమయమయ్యే ప్రమాద స్థితితో) పదే పదే ఆసుపత్రిలో చేరడం, బరువు చూడబోతే ప్రతిఘటించడం, ఎవరూ లేనప్పుడే ఇన్సులిన్ తీసుకుంటాననడం, వీటిలో ఒకటికి మించి కనిపిస్తే బృందం కళ్లు తెరవాలి. దీనికి 16 ప్రశ్నలున్న డెప్స్-ఆర్ అనే పట్టిక ఉంది. అందులో 20 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుల చేత మరింత లోతుగా చూపించాలి. మామూలు ఈటింగ్ డిజార్డర్ పట్టికలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే పిండిపదార్థం గురించి నిరంతరం ఆలోచించడం ఈ పిల్లలకు వైద్యులు నేర్పిన అలవాటే.

ఈ దశలో ఏ ఒక్కరూ ఒంటరిగా పనిచెయ్యలేరు. సైకాలజిస్టు ధైర్యం చెప్పగా బిడ్డ ఒక్కసారిగా పూర్తి మోతాదుకు తిరిగి వచ్చిందనుకోండి, ఒంట్లో నీరు చేరి బరువు ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది, అప్పటికే కంటి రెటీనా దెబ్బతిని ఉంటే అది కొంతకాలం మరింత చెడవచ్చు. అందుకే మోతాదు పెంచే వేగం డాక్టరు, భోజన ప్రణాళిక నేను, భయం సంగతి సైకాలజిస్టు, ముగ్గురం ఒకే వారంలో మాట్లాడుకుంటూ నడిపించాలి. మరొక చిన్న మార్పు ఎవరైనా వెంటనే చెయ్యవచ్చు: బరువు తూచే యంత్రాన్ని అందరూ కూర్చునే హాలులో నుంచి తీసి లోపలి గదిలో పెట్టండి, అంకెను పైకి చదవకండి.

పడమటిగాలి రాశారు:

మందారమాల గారూ, మావాడి అంకెల వెనుక హార్మోన్ల సంగతి ఇంత స్పష్టంగా మాకు ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. డాక్టరు, నర్సు తప్ప మరెవరూ లేని చోట్లే లోకంలో ఎక్కువ. అక్కడి పిల్లల సంగతేమిటి? మేము ఇప్పుడు వెళ్తున్నదీ అలాంటి చోటే.

హంసపాదు రాశారు:

మంచి ప్రశ్న. ఇద్దరున్నా బృందం కావచ్చు, నిజానికి ఇద్దరికే ఒకే మాట మీద నిలబడటం సులువు. లక్ష్యం ఒకటే ఉండాలి, షుగర్ పడిపోయినప్పుడు పాటించవలసిన నియమం ఒకటే ఉండాలి. బిడ్డ బరువులో కిలోకు 0.3 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూడమని నేను చెబితే, డాక్టరుగారి నోటా అదే రావాలి. ప్రశ్నావళి ఇవ్వడానికి సైకాలజిస్టే అక్కరలేదు, శిక్షణ పొందిన నర్సు ఇవ్వవచ్చు, బిడ్డ వేచి ఉన్న సమయంలోనే పూర్తవుతుంది. నిద్ర, బడి, స్నేహితులు, ఇంట్లో గొడవలు, వీటి గురించి ప్రతిసారీ ఒక ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు.

అయితే జవాబు వచ్చాక ఏం చెయ్యాలో ముందే నిర్ణయించుకోకుండా ప్రశ్నావళి చేతికివ్వడం తప్పు. పీహెచ్‌క్యూ-9 అనే కుంగుబాటు పట్టికలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. బిడ్డ అక్కడ గుర్తు పెట్టిన కాగితం ఫైలులో పడి వచ్చే సందర్శన దాకా ఉండటం కంటే ఘోరం లేదు. ఆ కాగితాన్ని బిడ్డ గది దాటకముందే చదవాలి, ఒంటరిగా మాట్లాడాలి, అదే రోజు మానసిక వైద్యులకు చూపించే దారి ఉండాలి. అంతవరకూ ఇన్సులిన్ పెన్నులు పెద్దవారి చేతిలో ఉండి, మోతాదు వారి కళ్ల ఎదుటే జరగాలి. ఇద్దరే ఉన్న చోట చేయవలసిన మొదటి పని, అవసరమైతే ఫోనులోనైనా దొరికే ఒక మానసిక నిపుణుడితో ముందుగా పరిచయం పెంచుకుని, ఆయనకు ఇన్సులిన్, హైపో (షుగర్ పడిపోవడం), కీటోన్ల గురించి కనీస అవగాహన కల్పించడం. ఇదే వ్యాధి ఉన్న కుటుంబాలు నెలకొకసారి కలుసుకునే ఏర్పాటు కూడా చాలా మేలు చేస్తుంది, కాకపోతే అక్కడ మోతాదుల సలహాలు పంచుకోకుండా ఒక నర్సు కనిపెట్టుకుని ఉండాలి.

సుద్దముక్క (ఉపాధ్యాయుడు) రాశారు:

బృందం గురించి ఇంత చర్చ జరిగింది, బిడ్డ మెలకువగా ఉండే సమయంలో పెద్ద భాగం గడిచే బడి ప్రస్తావన పెద్దగా రాలేదు. మాకు పది పేజీల కరపత్రం వద్దు. ఈ బిడ్డకు షుగర్ పడిపోతే ఎలా కనిపిస్తుంది, ఏం ఇవ్వాలి, ఎప్పుడు ఎవరికి ఫోను చెయ్యాలి అన్నది ఒక పేజీలో, బిడ్డ పేరుతో, ఇవ్వండి చాలు. షుగర్ పడిపోయిన బిడ్డను నర్సు గదికి ఒంటరిగా పంపకూడదన్న సంగతి నాకు ఒక తల్లి చెబితే తెలిసింది. తరగతిలో అందరికీ చెప్పాలా వద్దా అన్నది మాత్రం బిడ్డనే అడగండి. కొందరు తామే నిలబడి వివరిస్తారు, కొందరికి అది నరకం.

తెల్లచామంతి రాశారు:

ఇన్ని విషయాలు తెలుస్తాయనుకోలేదు. మరొకటి అడగవచ్చునా? రాత్రిళ్లు సెన్సర్ మోగినా మోగకపోయినా నాకు మెలకువ వస్తూనే ఉంటుంది. నిద్రలో షుగర్ పడిపోతుందేమోనన్న భయంతో పడుకునే ముందు కాస్త ఎక్కువగానే ఉండేలా చూసుకుంటున్నాను. బృందం పిల్లల కోసమే కదా, తల్లిదండ్రుల నిద్ర గురించి అక్కడ మాట్లాడటం సబబేనా?

మందారమాల రాశారు:

సబబే. మీరు చెప్పకపోతే మేము మోతాదును తప్పుగా మారుస్తాం. రాత్రి షుగర్ ఎందుకు ఎక్కువ ఉందో తెలియక దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ పెంచితే, మీరు ఇంకా భయపడి పడుకునే ముందు ఇంకాస్త తినిపిస్తారు, అలా రెండూ పెరుగుతూ పోతాయి. హైపో భయం తల్లిదండ్రుల్లో చాలా సాధారణం, దాన్ని కొలిచే ప్రశ్నావళులు కూడా ఉన్నాయి. దాన్ని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే హైపో నిజమైన ప్రమాదమే. మేము చేసేది ముందు గత రెండు వారాల రాత్రి గ్రాఫులు మీతో కలిసి చూడటం. నిజంగా 70 కిందికి ఎన్నిసార్లు వెళ్లింది, ఆటలాడిన రోజునా, మామూలు రోజునా అన్నది తేలుతుంది. తరువాత అలారం హద్దులు సరిచేస్తాం. ఎక్కువ షుగర్ అలారాన్ని రాత్రిపూట అనవసరంగా తక్కువ అంకె దగ్గర పెట్టుకున్నవారు చాలామంది, దాని మోతల్లో అసలైన తక్కువ అలారం విలువ పోతుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే రాత్రులు వంతులవారీగా పంచుకోండి. వంతు కానివారి ఫోనులో ఆ రాత్రికి అలారం ఆపెయ్యండి, మనసొప్పకపోయినా సరే.

నిశ్చింత రాశారు:

ఒక మాట కలుపుతాను. బిడ్డకు వ్యాధి నిర్ధారణ అయిన రోజుల తాలూకు బెదురు కొందరు తల్లిదండ్రులలో నెలల తరబడి ఉండిపోతుంది. ఆసుపత్రి వాసన తగిలితే గుండె దడదడలాడటం, బిడ్డను ఒక్క క్షణం కూడా ఎవరికీ అప్పగించలేకపోవడం ఉంటే అది మీ బలహీనత కాదు, చికిత్స ఉన్న సమస్య. మీ అమ్మాయికి తోబుట్టువులుంటే వారిని కూడా ఒకసారి తీసుకురండి. ఇంట్లో శ్రద్ధ అంతా ఒకవైపే వెళ్తున్నట్టు వారికి అనిపించడం సహజం, ఆ మాట ఇంట్లో అనలేరు, నా దగ్గర అంటారు.

తెల్లచామంతి రాశారు:

మా అత్తగారికి థైరాయిడ్ పరీక్ష ఉదాహరణ చెప్పాను. "అయితే సరే, నేనూ వస్తాను" అన్నారు, అది మరో సమస్య. వచ్చేవారం సైకాలజిస్టుగారిని కలవడానికి ఒప్పుకున్నాం. లక్ష్యం ఎంత అని నలుగురినీ అడిగి ఒకే అంకె వస్తుందో లేదో చూస్తాను, పడమటిగాలి గారి పుణ్యమా అని. సెన్సర్ ఒప్పందం కాగితం కూడా రాయిస్తాం. అమ్మాయిని ఒంటరిగా మాట్లాడించే సంగతి మాత్రం దానికి ఇప్పుడే చెప్పాలా, అక్కడికి వెళ్లాక వారే చెబుతారా?

హంసపాదు రాశారు:

ఇంటి దగ్గరే, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు, మామూలుగా చెప్పండి. "నువ్వు తప్పు చేశావని కాదు, ఈ వయసు వచ్చిన పిల్లలందరితోనూ అలాగే మాట్లాడతారు, నేను బయట కూర్చుంటాను" అంటే సరిపోతుంది. గోప్యత హద్దులు సైకాలజిస్టుగారే మీ ఎదుట చెబుతారు, చెప్పకపోతే మీరు అడగండి. తిరిగి వచ్చేటప్పుడు దారిలో "ఏం అడిగారు?" అని అడగవద్దు. అత్తగారు తప్పకుండా రావచ్చు, రాత్రి వంతుల్లో ఆవిడ పేరు కూడా రాసుకోవచ్చు, హైపో వస్తే ఏం చెయ్యాలో నర్సు చేత ఆ రోజే నేర్పించండి.